ఒకటి నుంచి సున్నా దాకా

ఢిల్లీ ఇళ్లకు అటకలుండవు. అటకల పని మంచాలు చేస్తాయి. ద్వారకాలో అమ్మ ఉంటున్న ఫ్లాట్‌లో రెండు మంచాలూ అలాంటివే. పైన పరుపు, కింద పెట్టె. పరుపు పక్కకు లాగి, చెక్క పలక పైకెత్తి, దాన్ని ఒకరు నెత్తితో ఆపి నిలబడితే ఇంకొకరు నడుం దాకా లోపలికి వంగి వెతకాలి. ఇంట్లో మనుషులు తగ్గేకొద్దీ ఈ మంచాల బరువు పెరుగుతుంది, ఎందుకో తెలీదు. నాన్న పోయాక అమ్మ తన చర్చిలో ఆయన జ్ఞాపకార్థం ఒక కూడిక పెట్టించాలనుకుంది. దానికి ఆయన ఫోటో కావాలి, అదీ యూనిఫాంలో ఉన్నదే కావాలి. ఫోటో మంచంలో ఉందని చెప్పింది గానీ ఏ మంచమో చెప్పలేదు. నేనూ నా కూతురు అనన్యా రెండూ తెరిచాం. నేను పలక మోశాను, అనన్య లోపలికి వంగింది.

ఫోటో దొరకలేదు. చలికాలం కప్పుకునే రజాయిలు దొరికాయి, ఎవరి పెళ్లికో ఇద్దామని కొని ఇవ్వని స్టీలు డబ్బాలు దొరికాయి, నాన్న సోల్డరింగ్ ఐరన్ దొరికింది. దాని కింద పాత మిలిటరీ తువ్వాల్లో చుట్టి, పుస్తకమంత సైజులో, బూడిదరంగు రబ్బరు మీటలున్న నల్లటి వస్తువొకటి దొరికింది.

"మమ్మీ, యే క్యా హై?" అంది అనన్య. దానికి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. గురుగ్రామ్‌లో ఏదో కంపెనీలో రోజంతా ప్రోగ్రాములు రాస్తుంది.

"కంప్యూటర్" అన్నాను.

"స్క్రీన్ కహా హై?"

"టీవీకి తగిలించేవాళ్లం."

"ఔర్ స్టోరేజ్?"

"టేప్ రికార్డర్."

అది పెట్టెలోంచి పూర్తిగా బయటికొచ్చి నా మొహం చూసింది. పలక మోసీ మోసీ నాకు తల తిరుగుతోందేమోనని అనుమానపడ్డట్టుంది. "అచ్ఛా, ఆప్ బైఠియే మమ్మీ" అని పలక దించేసింది. పక్క గదిలోంచి అమ్మ, ఫోటో దొరికిందా అని అడిగింది. లేదమ్మా, నాన్న కంప్యూటర్ దొరికింది అన్నాను. "దాన్ని లోపల పెట్టకండి, బయటుంచండి" అంది అమ్మ. నేను ఆ రబ్బరు మీటల మీద దుమ్ము తుడుస్తూ మంచం అంచున కూర్చున్నాను.

అప్పట్లో మేం ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న మిలిటరీ సిగ్నల్స్‌లో, అంటే వైర్‌లెస్ సెట్లు చూసే దళంలో, హవల్దారు, కడప వైపు మనిషి. అమ్మ నర్సు, బాపట్ల వైపు క్రైస్తవుల పిల్ల. నాన్న మణికట్టు విరిగి ఆస్పత్రికి వస్తే అమ్మ కట్టు కట్టింది. ఆ కట్టు విప్పడానికి ఆయన అవసరమైనదానికన్నా ఎక్కువసార్లు వచ్చాడని అమ్మ చెప్పేది, ఒకేసారి వచ్చానని నాన్న చెప్పేవాడు. ఈ విషయంలో వాళ్లు చివరిదాకా ఒక మాట మీదికి రాలేదు. ఇంట్లో రెండు వాసనలుండేవి. అమ్మ డ్యూటీ నుంచి వస్తే స్పిరిట్ వాసన, నాన్న రేడియో విప్పితే టంకం కాలిన పొగ వాసన. ఆదివారం పొద్దున చేపల పులుసు ఈ రెండింటినీ మింగేసేది. నాకిప్పటికీ టంకం వాసన వస్తే ఆకలేస్తుంది.

ఇద్దరి అలవాట్లూ వేరు. తలుపు చప్పుడైతే నాన్న గడియ మీద చెయ్యి పెట్టి "కౌన్?" అని అడిగేవాడు. పేరు, యూనిట్, వచ్చిన పని, మూడూ సరిపోతేనే గడియ కదిలేది. ఒకసారి సొంత తమ్ముణ్ణి కూడా యూనిట్ అడిగాడు, ఆయనకు యూనిట్ లేదు, వరి పండించేవాడు. అమ్మ డ్యూటీలో లేని రోజున తలుపు ఆమె తీసేది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, కంచం పెట్టి, అన్నం వడ్డించి, రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక "ఇంతకీ మీరెవరండీ?" అని అడిగేది. ఒకసారి కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన మా ఇంట్లో పులుసు తిని, మీటరు చూడ్డం మర్చిపోయి వెళ్లిపోయాడు. ఒకే ఇంట్లో ఈ రెండు పద్ధతులూ గొడవ లేకుండానే నడిచేవి, ఎందుకంటే ఇద్దరి డ్యూటీలూ ఒకే వేళ పడేవి కావు.

గొడవ ఒక్కదానిమీదే ఉండేది, అది కూడా చప్పుడు లేని గొడవ. నాన్న చర్చికి రాడు. పెళ్లప్పుడు మా జేజి, అంటే నాన్న తల్లి, ఆయన చేత ఒట్టు వేయించుకుంది. "చేసుకుంటే చేసుకో, ఆ యమ్మి మంచిదే. కానీ వాళ్ల గుడి ముందర నువ్వు చెప్పులు విడిచేది లేదు" అందట. నాన్న సరే అన్నాడు. ఒట్టు అంటే ఆయనకు పై ఆఫీసరు ఆర్డరు లాంటిది, దాని మీద చర్చ ఉండదు. అమ్మ కూడా ఎప్పుడూ చర్చించలేదు. ఆదివారం మధ్యాహ్నం తన చీర ఇస్త్రీ చేసుకునేటప్పుడు నాన్న తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేసి, తలుపు పక్క మేకుకు తగిలించేది. నాన్న దాన్ని చూసి, "రేడియో ఒకటి విప్పిపెట్టినా సుగుణా" అనేవాడు. అమ్మ "సరేనండీ" అనేది. మేమిద్దరం బస్సెక్కేవాళ్లం. సాయంత్రం తిరిగొచ్చేసరికి చొక్కా మేకుకే ఉండేది, అమ్మ దాన్ని మడతపెట్టి పెట్టెలో పెట్టేది. పెళ్లయినప్పటి నుంచీ అమ్మకున్న కోరిక ఒక్కటే, ఆయన ఒక్కసారి తన పక్కన ఆ చర్చి లోపలికి రావాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ప్రతివారం ఆ చొక్కా చూసే పిల్లకు చెప్పాల్సిన పనిలేదు.

మా తెలుగు సంఘానికి సొంత కట్టడం లేదు. పొద్దున ఇంగ్లిష్ వాళ్లూ, తరువాత హిందీ వాళ్లూ ఆరాధన ముగించుకుని వెళ్లాక మధ్యాహ్నం మాకిచ్చేవారు. ఇంగ్లిష్ వాళ్లు బూట్లతో టకటకా నడిచి లోపలికి పోయేవారు. మనవాళ్లు మాత్రం ఊళ్లో అలవాటు ప్రకారం గుమ్మం బయటే చెప్పులు విప్పేవారు. నర్సుల తెల్ల చెప్పులన్నీ ఒకే రకం, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరివి ఎవరివో తేలేసరికి ఆరాధనంత సేపు పట్టేది. సండే స్కూల్లో రత్నమ్మ ఆంటీ గోడకు ఒక చార్టు అంటించింది. వచ్చిన ప్రతి ఆదివారానికి పేరు ఎదురుగా ఒక నక్షత్రం.

కంప్యూటర్ మా ఇంటికి చెడిపోయి వచ్చింది. ఒక మేజర్ గారి ఇంట్లో దాని మీద టీ పోశారు. పారేసేముందు పనికొచ్చే భాగాలేమైనా ఉంటే తీసుకొమ్మని నాన్నకిచ్చారు. నాన్న భాగాలు తీసుకోలేదు, మీటల కిందుండే పల్చటి పొర తుడిచి, తెగిన చోట అతికించి, బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. బొమ్మ వచ్చింది. దాంతో ఏం చేయాలో ఆయనకు తెలీదు, నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే మా బడిలో కొత్తగా కంప్యూటర్ గది పెట్టారు. అందులో ఉన్నది ఇంకో రకం కంప్యూటర్. పెద్దది, టైపు మిషన్ లాంటి మీటలు, పైన ఎర్ర మీటల వరస. రెండింటి భాషా బేసికే.

బేసిక్ అంటే ఒకే భాష అని నేననుకున్నాను. తెలుగు ఒకటే భాష అని ఢిల్లీలో పక్కింటివాళ్లు అనుకున్నట్టే. మా ఇంట్లో అమ్మ "చెప్పులిప్పు" అంటే నాన్న "చెప్పులు విడువు" అనేవాడు, అమ్మ "ఎందుకు" అంటే నాన్న "ఎందుకు మే" అనేవాడు. కంప్యూటర్ల సంగతీ అంతే. ఇంటి కంప్యూటర్‌కు ఏదైనా విలువ ఇవ్వాలంటే ముందు LET అనాల్సిందే, లేకపోతే ఒక్క అడుగు కదలదు, మిలిటరీ పద్ధతి. బడి కంప్యూటర్‌కు LET అక్కర్లేదు. ఇంటి దాంట్లో P అనే మీట ఒక్కసారి నొక్కితే PRINT అనే మాట మొత్తం పడేది, బడి దాంట్లో అక్షరం అక్షరం కొట్టాలి. ఇంట్లో టేపు మీద దాచిన ప్రోగ్రామును బడి కంప్యూటర్‌కు వినిపిస్తే అది ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. ఈ టేపు కోసం నాన్న అమ్మ పాటల క్యాసెట్ ఒకటి వాడాడు. తెలుగు కీర్తన సగంలో ఉండగా కీచుమని ప్రోగ్రాము మొదలయ్యేది. అమ్మ అది వింటూ కూరగాయలు తరిగేది, కీచుమనే భాగం రాగానే పాట అయిపోయిందని లేచేది.

అయితే లూపు మాత్రం రెండింట్లో ఒకే రకంగా రాయొచ్చు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. లూపు అంటే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించడం. నేను రాసింది ఇదే:

30 FOR I = 1 TO N
40 PRINT "*";
50 NEXT I

I ఒకటి నుంచి N దాకా పోతుంది, పోయిన ప్రతిసారీ ఒక నక్షత్రం పడుతుంది. N నాలుగైతే నాలుగు నక్షత్రాలు. బడిలో వార్షిక ప్రదర్శన వస్తోంది, కంప్యూటర్ నేర్పే సూద్ మేడమ్ అందరినీ ఇంటికి పనికొచ్చే ప్రోగ్రాము ఏదైనా రాసుకు రమ్మంది. మిగతా పిల్లలు ఎక్కాలు రాశారు. నేను రత్నమ్మ ఆంటీ చార్టు రాశాను, ఆ నెలలో మా ఇంట్లో ఎవరు ఎన్ని ఆదివారాలు చర్చికి వెళ్లారు అని. నాకు నాలుగు. అమ్మకు మూడు, ఒకటి డ్యూటీకి పోయింది. నాన్నకు సున్నా.

నాన్న దాన్ని ఇంటి టీవీ మీద నడిపించి చూశాడు. ఏదైనా బయటికి పోయేముందు ఆయన తనిఖీ చేయాలి. నా పేరు పక్కన నాలుగు నక్షత్రాలు, అమ్మ పేరు పక్కన మూడు. ఆయన పేరు పక్కన ఏమీ లేదు, ఖాళీ. ఒకటి నుంచి సున్నా దాకా పొమ్మంటే ఇంటి కంప్యూటర్ ముందే చూసుకుంటుంది, ఒకటి అప్పటికే సున్నాను దాటింది కదా, ఇక లూపులోకే అడుగు పెట్టదు. "సరిగ్గా వచ్చింది పాపా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఖాళీ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, అంతే. అమ్మ వంటింట్లోంచి తొంగి టీవీ వైపు చూసి, చేప ముక్కలు తిప్పడానికి వెళ్లిపోయింది.

ప్రదర్శన రోజు ఇద్దరూ వచ్చారు. కంప్యూటర్ గదికి ఏసీ ఉండేది, కింద తివాచీ. చెప్పులు, బూట్లు బయట విప్పి లోపలికి రావాలని సూద్ మేడమ్ కట్టుబాటు. మేజర్లూ కర్నళ్లూ సాక్స్‌లతో నడుస్తూ మా ఎక్కాలు చూశారు. గది నిండా చల్లటి సాక్సుల వాసన. నాన్న గుమ్మం దగ్గర కాసేపు ఆగి, లోపలున్నవి చర్చి బెంచీలు కావని నిర్ధారించుకుని, బూట్లు విప్పాడు. సి.ఓ. గారి, అంటే నాన్న కమాండింగ్ ఆఫీసరు గారి, భార్య నా కంప్యూటర్ దగ్గరికి వచ్చిందని సూద్ మేడమ్ నన్ను తొందరపెట్టింది. ఇంట్లో రాసిన ప్రోగ్రామును పొద్దున్నే ఆ బడి కంప్యూటర్‌లో అక్షరం అక్షరం కొట్టిపెట్టాను గానీ నడిపించి చూడలేదు. ఇప్పుడు RUN కొట్టాను. నాకు నాలుగు నక్షత్రాలు. అమ్మకు మూడు. నాన్నకు ఒకటి.

మళ్లీ RUN కొట్టాను. మళ్లీ ఒకటి. ఆవిడ నాన్న వైపు తిరిగి, "హవల్దార్ సాబ్, ఆప్ భీ చర్చ్ జాతే హై?" అంది ఎంతో సంతోషంగా.

నాన్న సాక్స్‌లతోనే అటెన్షన్‌లో నిలబడ్డాడు. "జీ మేడమ్" అన్నాడు.

సి.ఓ. గారి భార్య ఏమడిగినా "జీ మేడమ్" అనడం ఆయనకు ఎన్నేళ్లుగానో అలవాటు. మాట బయటికి వచ్చాక గానీ అదేమిటో ఆయనకు తెలియలేదు. అమ్మ ఆ నక్షత్రం వైపే చూస్తోంది. ఎవరో తన పేరున పంపిన బహుమతి పొట్లం మీద చిరునామా సరైనదేనా అని చూస్తున్నట్టు చూసింది. నేను సూద్ మేడమ్‌తో, మేడమ్ ఇది తప్పు అన్నాను. "బేటా, మెషీన్ గల్తీ నహీ కర్తీ" అంది మేడమ్, తరువాతి అతిథి వైపు తిరుగుతూ.

మర్నాడు ఆదివారం. మేకుకు చొక్కా ఎక్కింది. నాన్న చర్చికి రాలేదు, ఈసారి రేడియో కూడా విప్పలేదు. సోమవారం బడికి వచ్చి సూద్ మేడమ్ దగ్గర ఆ కంప్యూటర్ పుస్తకం తీసుకెళ్లాడు. రోజూ డ్యూటీ నుంచి రాగానే చాప మీద కూర్చుని, ఒక్కో లైను వేలితో తడుముతూ చదివాడు. వైర్‌లెస్ సెట్ చెడిపోయినప్పుడు కూడా ఆయన అలాగే కూర్చుంటాడు, లోపమెక్కడుందో తేలేదాకా ఎవరితోనూ మాట్లాడడు. వారం మధ్యలో నన్ను పిలిచాడు.

"దొరికింది పాపా. ఆ మిషన్ ముందు పని జేచ్చాది, తర్వాత అడుగుతాది. లూపు ఒకసారి నడిచినాంకనే చివర్లో లెక్క చూసుకుంటాది. సున్నా ఇచ్చినా ఒకసారి చేసే తీరుతాది."

"అయితే మిషన్‌ది తప్పా?"

"తప్పు గాదు. దాని పద్ధతి అట్ల. మన ఇంట్లో మీయమ్మ లేదూ?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"మిషన్‌ది తప్పు గాదు, నీది తప్పు గాదు. తప్పు నాది. సి.ఓ. సాబ్ భార్యకు నేను జీ మేడమ్ అని చెప్పినా. అది అబద్ధమయ్యింది" అన్నాడు నాన్న. ఇది చెబుతున్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. ఆయన దృష్టిలో దీనికి రెండే దారులున్నాయి. ఒకటి, ఆవిడ దగ్గరికి వెళ్లి మేడమ్ నేను తప్పు చెప్పాను అనడం. అది హవల్దారుకు జరిగే పని కాదు. రెండోది, చెప్పింది నిజం చేయడం.

ఆ ఆదివారం అమ్మ చొక్కా మేకుకు తగిలించింది. నాన్న స్నానం చేసి వచ్చి దాన్ని తీసి వేసుకున్నాడు. అమ్మ కొంగు సర్దుకుంటున్నదల్లా చెయ్యి అక్కడే ఆపేసింది. నాన్న ముక్కాలిపీట మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టాడు, పరేడ్‌కు పెట్టినట్టు.

"అత్తమ్మకు ఇచ్చిన మాట ఏం చేస్తారండీ?" అంది అమ్మ. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

"ఆ ఒట్టు మళ్లా ఒకసారి బాగా చూసుకున్నా సుగుణా. చెప్పులు విడవనన్నా. లోపలికి రానని అనలే."

బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చుని బయటికే చూశాడు. చర్చి గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విప్పుతున్నారు. నాన్న విప్పలేదు. పొద్దున ఇంగ్లిష్ వాళ్లు నడిచినట్టే బూట్లతో టకటకా లోపలికి నడిచి, ఆఖరి బెంచీ చివర కూర్చున్నాడు. తలలన్నీ ఒకేసారి తిరిగాయి. రత్నమ్మ ఆంటీ పాట పుస్తకం జారిపోయింది. పాటలకు అందరూ లేచినప్పుడు నాన్న లేచాడు, అందరూ కూర్చున్నాక కూడా అటెన్షన్‌లోనే నిలబడ్డాడు, నేను చొక్కా లాగితే కూర్చున్నాడు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ మైకు గుర్రుమంటూనే ఉంది, నాన్న పాస్టర్‌గారిని వదిలేసి ఆంప్లిఫయర్ వైపే చూశాడు. అమ్మ ఆ రోజు ఒక్క పాట పాడలేదు. ఏడ్చింది. దాచుకోలేదు, తుడుచుకోలేదు, పక్కవాళ్లకు తెలిసేలాగే ఏడ్చింది. అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను అంతకు ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు. ఆరాధన అయ్యాక నాన్న వెళ్లి ఆంప్లిఫయర్ వెనక వదులైన తీగ ఒకటి బిగించాడు. గుర్రు ఆగిపోయింది. బయటికి వస్తూ, "లెక్క సరిపోయింది సుగుణా" అన్నాడు.

ఆయనకు నిజంగానే సరిపోయింది. ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ రాలేదు. జేజి పోయాక, ఇక ఒట్టు అడిగేవాళ్లు కూడా లేరు కదా అని నేనొకసారి అన్నాను. అడిగేవాళ్లు లేనప్పుడే ఒట్టు నిలబెట్టుకోవాలి అన్నాడు. అమ్మ చొక్కా తగిలించడం మానలేదు. రిటైరై ద్వారకాకు వచ్చాక కూడా మానలేదు. నాన్నకు తెల్ల చొక్కాలు అరిగిపోవడమనేది ఉండేది కాదు, ఇస్త్రీకి అరిగేవి.

తరువాత ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరి ఇంకో బేసిక్ చూశాను. ఆఫీసుల్లో వాడే కంప్యూటర్‌లోది. ఇంటి దానిలాగే అది కూడా ముందు చూసుకునే రకం, ఒకటి నుంచి సున్నా దాకా పొమ్మంటే నిక్షేపంగా దాటుకుని వెళ్లిపోతుంది. ఆపైన సి అనే భాష వచ్చింది. సి లో లైన్లకు నంబర్లు లేవు, ఎక్కడ చూసినా బ్రాకెట్లు, సెమికోలన్లు. లెక్క కూడా ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలుపెడతారు. అందులో for అనే లూపు ముందు అడుగుతుంది, while కూడా అంతే. do అనేది ఇంకోటి ఉంది, అది ముందు పని చేస్తుంది, while తోక చివర్లో వస్తుంది. నేను పిల్లలకు సి నేర్పినన్నాళ్లూ, do ఎందుకు మేడమ్, ఎక్కడా వాడం కదా అని ఎవరో ఒకరు అడిగేవారు. పరీక్షలో వస్తుంది, నేర్చుకోండి అనేదాన్ని. వాళ్లకు అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. నాకు మాత్రం ఆ పేజీకి వచ్చినప్పుడల్లా చేపల పులుసు తిని వెళ్లిపోయిన మీటరాయన గుర్తొచ్చేవాడు.

మంచాలు తెరిచిన ఆ సాయంత్రం అనన్యకు ఇదంతా చెప్పాను. అది లాప్‌టాప్ తెరిచి, తన భాషలో ఒకటి నుంచి సున్నా దాకా లూపు రాసి చూపించింది. ఏమీ పడలేదు. ఇప్పుడు ఏ భాషలో రాసినా ఇంతే మమ్మీ, అలా ఒకటి పడితే మేం బగ్ అంటాం అంది. నిజమే. ఇప్పుడంతా ముందు అడిగే కాలం. మా అమ్మ ఇంటికి నేను రావాలన్నా గేటు దగ్గర కాపలా భయ్యా ఫోన్‌లో నా పేరు కొట్టి, అమ్మ ఫోన్‌కు అనుమతి అడిగి, అమ్మ కళ్లజోడు వెతుక్కుని ఆ ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా నేను ఎండలో నిలబడాలి. నాన్న గడియ ఇప్పుడు ఊరంతటికీ వచ్చింది. భద్రంగానే ఉంది. అన్నం పెట్టాక పేరడిగే ఇల్లు మాత్రం నాకు తెలిసి ఇంకెక్కడా మిగల్లేదు. దానికి నాకు బాధగానే ఉంది.

యూనిఫాం ఫోటో చివరికి దొరకలేదు. పెన్షన్ కోసం తీయించుకున్న ఫోటోనే పెద్దది చేయించాం. అందులో ఆయన తెల్ల చొక్కాలో ఉన్నాడు. కూడిక ఆదివారం మధ్యాహ్నమే, అదే చర్చిలో. మనవాళ్లకు ఇప్పటికీ సొంత కట్టడం లేదు, ఇప్పటికీ ఇంగ్లిష్ వాళ్లు వెళ్లాకే ఇస్తారు. గుమ్మం బయట చెప్పుల కుప్ప కూడా అలాగే ఉంది, తెల్ల చెప్పుల్లోకి రంగురంగుల స్పోర్ట్స్ బూట్లు వచ్చి కలిశాయంతే. అమ్మకు మోకాళ్లు వంగవు. ఆమె చెప్పుల పట్టీ నేనే విప్పుతుంటాను. కుప్ప దగ్గర ఆగి, నా చెప్పులు విప్పి, అమ్మ పాదాల దగ్గరికి వంగాను.

"వద్దే, ఉండనీ" అంది అమ్మ.

చిన్నప్పటి నుంచీ ఒక్కనాడూ చెప్పులతో చర్చి గుమ్మం దాటని మనిషి, కర్ర ఊతంతో, చెప్పుల చప్పుడు చేసుకుంటూ లోపలికి నడిచింది. ఫోటో ముందు వరసలో పెట్టారు, అమ్మ అక్కడిదాకా వెళ్లలేదు. ఆఖరి బెంచీ చివర కూర్చుంది. ఇప్పుడున్న పాస్టర్ ఢిల్లీలోనే పుట్టిన కుర్రాడు. పరుగున వచ్చి, ఆంటీ ముందుకు రండి, అక్కడ కుర్చీ వేశాం అన్నాడు. ఇక్కడే బాగుంది బాబూ అంది అమ్మ. అతను చెప్పుల వైపు చూసి, మోకాళ్ల నొప్పులనుకుని తల ఊపాడు. తరువాత వంగి, అంకుల్ ఎప్పుడైనా మన సంఘానికి వచ్చేవారా ఆంటీ, ప్రసంగంలో చెబుదామని అని మెల్లగా అడిగాడు.

"వచ్చారు బాబూ" అంది అమ్మ. ఎన్నిసార్లో అతను అడగలేదు.

పాటలన్నీ అమ్మ పాడింది. కళ్లు తడవలేదు. కూడిక అయ్యాక జనం గుమ్మం దగ్గర ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటుంటే, వెతుక్కోవాల్సిన పని లేని అమ్మ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అనన్య లేసులు కట్టుకుంటోంది. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, వాళ్లకెవరికీ వినపడకుండా అంది.

"ఆ రోజు ఇక్కడే నిలబడి లెక్క సరిపోయిందన్నారు మీ నాన్న. నాకు సరిపోలేదే సునీతా. ఒక్కనాటికీ సరిపోలేదు."

నేను చెప్పుల కుప్పలో నా చెప్పుల కోసం వెతుకుతూ చాలాసేపు తల ఎత్తలేదు.